కరవు విధి కాదన్న కాటన్ దొర
గోదావరి జిల్లాకు ఆనకట్ట కోసం ఆంగ్లేయ ప్రభుత్వంతోనే వాదించిన ఇంజినీరు జీవితం

ధవళేశ్వరం: ఏటా మే 15వ తేదీన గోదావరి జిల్లాల్లో ఒక ఆంగ్లేయుడి విగ్రహాలకు రైతులు పూలమాలలు వేస్తారు. పరాయి పాలనలో అధికారిగా వచ్చి, ఆ పాలన అంతరించి ఎన్నో దశాబ్దాలు గడిచాక కూడా పల్లెల్లో ఇంతటి గౌరవం పొందుతున్న వ్యక్తి మన ప్రాంతంలో మరొకరు కనిపించరు. ఆయనే సర్ ఆర్థర్ థామస్ కాటన్. అపర భగీరథుడని జిల్లా ప్రజలు ఆయనను కొనియాడతారు. గోదావరి స్నాన సంకల్పంలో పురోహితులు ఆయన పేరును కూడా స్మరిస్తారని ఇక్కడ చెప్పుకుంటారు. అయితే ఆయన జీవితాన్ని ఆనకట్ట కథగా మాత్రమే చూస్తే సగమే చూసినట్లవుతుంది. ప్రజల వద్ద పన్ను తీసుకునే ప్రభుత్వం వారికి నీరు, దారి, తిండి దొరికే ఏర్పాటు చేసి తీరాలని ఆయన తన పై అధికారులతో అరవై ఏళ్ల పాటు వాదించారు. ఆ వాదనలో కొన్నిసార్లు నెగ్గారు, పలుసార్లు ఓడారు. ఆ గెలుపోటముల ఫలితాన్ని తెలుగునాట లక్షలాది కుటుంబాలు అనుభవించాయి.

నది ఉన్నా నీరు లేని జిల్లా

కాటన్ ఇక్కడికి రాకముందు రాజమండ్రి జిల్లా స్థితి దయనీయంగా ఉండేది. జూలై నుంచి అక్టోబరు వరకు గోదావరి ఒడ్డులు ఒరుసుకుని ప్రవహించి పొలాలను, ఊళ్లను ముంచెత్తేది. ఆ తరువాత నీరంతా సముద్రం పాలయ్యేది. వర్షం తప్పితే పక్కనే మహానది పారుతున్నా చేను ఎండిపోయేది. 1791-92లో ఉత్తర సర్కారులను పెద్ద కరవు పీడించింది. దాని తరువాత మైకేల్ టాపింగ్ అనే సర్వేయరు కృష్ణా, గోదావరి డెల్టాలను కొలిచి, నదీజలాలను పొలాలకు మళ్లించవచ్చని సూచించారు. 1796లో ఆయన మచిలీపట్నంలో మరణించారు. ఆయన సూచన అర్ధ శతాబ్దం పాటు దస్త్రాల్లోనే ఉండిపోయింది.

ఆ అర్ధ శతాబ్దంలో జిల్లా కోలుకోలేని దెబ్బలు తిన్నది. 1832-33లో నందన నామ సంవత్సరపు కరవు వచ్చింది. తినడానికి తిండి లేక మనుషుల డొక్కలు పీక్కుపోయిన ఆ కాలాన్ని జనం డొక్కల కరవుగా గుర్తుపెట్టుకున్నారు. ఒక్క గుంటూరు జిల్లాలోనే సుమారు 5 లక్షల జనాభాలో లక్షన్నర నుంచి 2 లక్షల మంది వరకు చనిపోయారని అంచనా. రాజమండ్రి జిల్లాను సైతం ఆ కరవు వదలలేదు. 1839 నవంబరులో కోరంగి ఉప్పెన తీరాన్ని తుడిచిపెట్టింది.

ప్రకృతి దెబ్బకు పాలకుల విధానాలు తోడయ్యాయి. మాదపాళెం, ఇంజరం వంటి చోట్ల ఈస్టిండియా కంపెనీ ఒకప్పుడు వస్త్రాలు కొని ఐరోపాకు పంపేది. ఇంగ్లండు మరమగ్గాల బట్ట వచ్చి పడటంతో ఆ కొనుగోళ్లు క్షీణించాయి. 1833 చార్టరు చట్టంతో కంపెనీ వ్యాపారమే ముగిసింది. మగ్గాన్ని నమ్ముకున్న వేలాది కుటుంబాలు కూలికి దిగాయి. భూమి శిస్తు వసూలు మాత్రం ఆగలేదు. 1821లో సుమారు 7.38 లక్షలుగా నమోదైన జిల్లా జనాభా 1841 నాటికి 5.61 లక్షలకు పడిపోయింది. ఇరవై ఏళ్లలో ప్రతి నలుగురిలో దాదాపు ఒకరు తగ్గారన్నమాట. కొందరు ఆకలికి, రోగాలకు బలికాగా మరికొందరు పొట్ట చేతపట్టుకుని ఊళ్లు విడిచారు.

శిస్తు తగ్గిపోవడంతో ప్రభుత్వం మేలుకుంది. కారణాలు విచారించేందుకు సర్ హెన్రీ మాంట్‌గోమరీని నియమించింది. జిల్లా దుస్థితిని పరిశీలించిన ఆయన, నీటి వసతి కల్పించడమే తగిన మార్గమని 1844లో నివేదించారు. ఆ పనిని పరిశీలించే బాధ్యత కాటన్‌కు దక్కింది. డొక్కల కరవును కళ్లారా చూసి చలించి కాటన్ ఆనకట్ట కట్టారని మన ప్రాంతంలో ఒక మాట వ్యాపించి ఉంది. నిజానికి ఆ కరవు నాటికి ఆయన ఈ జిల్లాకు రాలేదు. పదేళ్ల తరువాత వచ్చి, అది మిగిల్చిన బీళ్లను, ఖాళీ అయిన ఊళ్లను చూశారు.

కావేరి నేర్పిన పాఠం

కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో పెద్ద కుటుంబంలో జన్మించారు. తండ్రి హెన్రీ కాల్వెలీ కాటన్. పదిహేనో ఏట ఆడిస్కాంబ్‌లోని కంపెనీ సైనిక విద్యాలయంలో చేరారు. అక్కడ చదువు ముగించుకుని మద్రాసు ఇంజినీర్ల దళంలో నియామకం పొంది, 1821లో మద్రాసు చేరుకున్నారు. అప్పటికి ఆయన వయసు 18 ఏళ్లు. తొలుత దక్షిణ జిల్లాల చెరువుల విభాగంలో పనిచేశారు. భారత్, సింహళాల మధ్యనున్న పాంబన్ జలమార్గాన్ని సర్వే చేశారు. 1824లో మొదలైన బర్మా యుద్ధంలో పాల్గొన్నారు.

ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది తంజావూరు ప్రాంతం. కావేరి నుంచి కొల్లిడం పాయ చీలే చోట నీరు క్రమంగా కొల్లిడం వైపు మళ్లి, తంజావూరు కాలువలు ఎండిపోసాగాయి. దానికి పరిష్కారంగా 1836లో కొల్లిడంపై ఎగువన ఒకటి, దిగువన మరొకటి ఆనకట్టలను కాటన్ నిర్మించారు. ఆ పని చేసే ముందు ఆయన చోళుల నాటి కల్లణైని శ్రద్ధగా పరిశీలించారు. కరికాల చోళుడు కట్టించినట్లు చెప్పే ఆ కట్టడం రాతి నేల మీద గాక ఇసుక మీద నిలిచి ఉంది. నదిలో రాతి పునాది దొరకకపోతే ఆనకట్ట కట్టలేమని ఐరోపా ఇంజినీర్లు భావిస్తున్న రోజులవి. ఇసుక మీద కూడా కట్టవచ్చని ఈ దేశపు ప్రాచీనులు శతాబ్దాల క్రితమే నిరూపించారని కాటన్ గుర్తించారు. తన విద్యకు మూలం ఈ నేల మీదే ఉందని ఆయన దాచకుండా చెప్పుకున్నారు. ధవళేశ్వరం ఆనకట్టకు సాంకేతిక బీజం పడింది అక్కడే.

నీటి పనులే కాక ఇతర నిర్మాణాల్లోనూ ఆయన చేయి ఉంది. మద్రాసు దగ్గర రెడ్‌హిల్స్ నుంచి రోడ్ల పనికి రాయి తరలించేందుకు 1837లో వేసిన పట్టాల దారి ఆయన పనే. దేశంలో ప్రయాణికుల రైలు నడవడానికి పదహారేళ్ల ముందు సంగతి ఇది. తీవ్రమైన ఎండల్లో తిరగడం వల్ల ఆరోగ్యం దెబ్బతిని సెలవుపై ఆస్ట్రేలియా వైపు వెళ్లారు. అక్కడ 1841లో ఎలిజబెత్ లియర్‌మంత్‌ను వివాహమాడారు. తిరిగివచ్చి విశాఖపట్నంలో కొంతకాలం పనిచేశాక గోదావరి పిలుపు అందింది.

లెక్కలతో ఒప్పించారు

1844, 1845లలో కాటన్ రెండు నివేదికలు సమర్పించారు. వాటిలో ఆయన దయాధర్మాల ప్రస్తావనతో సరిపెట్టలేదు. తంజావూరును, రాజమండ్రిని పక్కపక్కన నిలబెట్టి లెక్క చూపారు. తంజావూరులో నీరు నియమంగా అందుతుంది గనుక రైతు బాగున్నాడు, శిస్తు కూడా ఎక్కువే. రాజమండ్రి జిల్లాలో అంతకంటే పెద్ద నది, సారవంతమైన నేల ఉన్నా రైతు చితికిపోయాడు, శిస్తు కూడా పడిపోయింది. తేడా నేలలో గాని, మనుషుల్లో గాని లేదని, నీటి ఏర్పాటులోనే ఉందని ఆయన నిరూపించారు. ఆనకట్టకు తొలి అంచనా సుమారు 4.75 లక్షల రూపాయలు. ఇంత ఖర్చు ఎందుకని అధికారులు వెనుకాడారు. ఈ ఖర్చు పెట్టకపోవడం వల్ల ఏటా కలుగుతున్న నష్టం ఎంతో చూడమని కాటన్ వాదించారు.

వ్యాపారం కోసం వచ్చిన ప్రభుత్వానికి వ్యాపార భాషలోనే నచ్చజెప్పడం ఆయన ఎంచుకున్న పద్ధతి. ఆ పద్ధతికి ఫలితం దక్కింది. 1846 చివర లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లు అనుమతినిచ్చారు. అయితే అదే పద్ధతి తరువాత కాలంలో ఆయనకు చిక్కులు కూడా తెచ్చిపెట్టింది. లాభం చూపిన చోట ప్రభుత్వం ముందుకు వచ్చింది. లాభం కనిపించని చోట కరవుకే వదిలిపెట్టింది.

ఇసుక మీద లేచిన గోడ

నది పాయలుగా చీలే ధవళేశ్వరాన్ని కాటన్ ఎంచుకున్నారు. అక్కడ గోదావరి వెడల్పు లంకలతో కలిపి నాలుగు మైళ్లు. ఆ లంకలనే ఆధారం చేసుకుని ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా ఆనకట్టను రూపొందించారు. నాలుగింటి పొడవు కలిపి సుమారు 12 వేల అడుగులు. ధవళేశ్వరం కొండ నుంచి రాయి తవ్వి, పట్టాల మీద బళ్లలో నది ఒడ్డుకు చేర్చారు. ఇసుకలో నూతులు దించి వాటిపై గోడలు లేపారు. గోడల మధ్య నింపి, పైన రాతి పరుపు పరిచారు. దిగువన నీటి ఉరవడికి ఇసుక కోసుకుపోకుండా పెద్ద రాళ్లను వాలుగా పేర్చారు. రాళ్లు కిందికి దిగినప్పుడల్లా మళ్లీ రాళ్లు వేస్తూ పోతే కట్టడం స్థిరపడుతుందన్నది కల్లణై నేర్పిన సూత్రం.

1847లో పని ప్రారంభమైంది. కాటన్ అడిగినంత మంది ఇంజినీర్లను, నిపుణులను ప్రభుత్వం ఇవ్వలేదు. ఉన్న కొద్దిమందితోనే, స్థానికులకు నేర్పించుకుంటూ పని నడిపారు. వేసవిలో నది తగ్గినప్పుడే పనికి వీలు. వరదకాలం రాగానే అంతా ఆపాల్సిందే. పని ముమ్మరంగా సాగిన రోజుల్లో పది వేల మంది వరకు శ్రమించారు. మట్టి పనివారు, రాతి పనివారు, వడ్రంగులు, కమ్మరులు, తట్టలు మోసిన స్త్రీలు, అందరూ ఆ ఆనకట్ట నిర్మాతలే. వారిలో ఎక్కువమంది పేర్లు ఏ రికార్డుకూ ఎక్కలేదు. కూలీలను సమీకరించి, పనుల నిర్వహణలో కాటన్‌కు కుడిభుజంగా నిలిచిన వీణం వీరన్న పేరు మాత్రం జిల్లా చరిత్రలో నిలిచింది. ఆయన సేవలను గుర్తించి ప్రభుత్వం రాయబహదూర్ బిరుదునిచ్చింది.

పని మధ్యలో 1848 జూన్‌లో కాటన్ ఆరోగ్యం మళ్లీ క్షీణించింది. కెప్టెన్ ఆర్‌కు బాధ్యత అప్పగించి ఆస్ట్రేలియా వెళ్లారు. 1850లో తిరిగివచ్చి, 1852 మార్చి 31 నాటికి ఆనకట్టను పూర్తి చేశారు. ఇంచుమించు అదే సమయంలో కాటన్ సహచరుడు హేగ్ వైనతేయ పాయపై గన్నవరం వద్ద అక్విడక్టును నిర్మించారు. 49 కమానుల మీదుగా కాలువ నీరు నదిని దాటి నగరం లంకకు చేరింది. కెప్టెన్ ఆర్ ఆ తరువాత బెజవాడ వద్ద కృష్ణపై ఆనకట్ట కట్టి 1855లో ముగించారు. ఆ ప్రాజెక్టును గట్టిగా సమర్థించినవారిలో కాటన్ ముఖ్యులు.

నీటి వెంట వచ్చిన మార్పు

ఆనకట్ట కట్టినంత మాత్రాన పొలానికి నీరు రాదు. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు ప్రధాన కాలువలు, వాటికి పిల్లకాలువలు, తూములు, లాకులు కట్టడం దశాబ్దాల పాటు సాగింది. 19వ శతాబ్ది ముగిసేనాటికి ఆరు లక్షలకు పైగా ఎకరాలు సాగునీరు పొందాయి. కాలువలను పడవలు నడిచేలా తీర్చిదిద్దడం కాటన్ ప్రణాళికలో అంతర్భాగం. దాదాపు 500 మైళ్ల జలమార్గం డెల్టాలో ఏర్పడింది. వానాకాలంలో బండి కదలని నల్లమట్టి దారుల బదులు, ధాన్యం పడవ ఎక్కి కాకినాడ రేవుకు, ఏలూరు మీదుగా కృష్ణా కాలువలకు, అక్కడి నుంచి బకింగ్‌హాం కాలువ ద్వారా మద్రాసుకు చేరే వీలు కలిగింది. రైతుకు ఊళ్లోని ఒక్క వర్తకుడే దిక్కు కాకుండా పోయాడు. కోరంగి క్షీణించగా కాకినాడ పెద్ద రేవుగా ఎదిగింది.

జీవన స్థితిగతుల్లో మార్పు ఇతర రంగాల్లోనూ కనిపించింది. 1850ల మధ్యలో సబ్‌కలెక్టర్ టేలర్ ప్రోత్సాహంతో నరసాపురం ప్రాంతంలో పాఠశాలలు వెలిశాయి. శిస్తుతో పాటు బడుల కోసం కొంత అదనంగా చెల్లించేందుకు రైతులు ముందుకు రావడం మద్రాసు రాజధానిలోనే విశేషంగా చెప్పుకున్నారు. నాలుగు గింజలు మిగిలిన ఇంట్లోనే పిల్లవాడిని బడికి పంపాలన్న ఆలోచన పుడుతుంది. గోదావరి జిల్లా జనాభా 1891 లెక్కల్లో 20.78 లక్షలకు చేరింది. 1859లో జిల్లా సరిహద్దులు మారినందున 1841 నాటి అంకెతో దీనిని నేరుగా పోల్చరాదు. అయినా ఖాళీ అవుతూ వచ్చిన ప్రాంతం మళ్లీ నిండిందనడంలో సందేహం లేదు. అదే లంక గన్నవరంలో డొక్కా సీతమ్మ వేళకాని వేళ వచ్చిన బాటసారులకు సైతం అన్నం పెట్టి అన్నపూర్ణగా పేరు పొందారు. ఆమె ఔదార్యం ఆమెదే. అర్ధ శతాబ్దం ముందు ఊళ్లకు ఊళ్లే గంజికి నోచుకోని ఆ గడ్డ మీద అన్నదానం పరంపరగా సాగడానికి నీటి ఆధారం కూడా తోడ్పడిందని పెద్దలు చెబుతారు.

వెలుగు పడని ప్రాంతాలు

ఈ కథకు రెండో వైపు కూడా ఉంది. ప్రభుత్వం నీటిని ఊరికే ఇవ్వలేదు. నీటి తీరువా వసూలు చేసింది. 20వ శతాబ్ది తొలి ఏళ్ల నాటికి గోదావరి డెల్టా పనులు పెట్టుబడి మీద ఏటా సుమారు 15 శాతం నికర ఆదాయం తెచ్చిపెట్టాయి. ఆ ఆదాయమంతా తిరిగి జిల్లాకు రాలేదు. భూమి ఉన్నవారికి లాభం ఎక్కువగా చేరింది. కౌలుదారుకు, పాలేరుకు అంతగా చేరలేదు. పల్లపు భూములకు నీరు వచ్చినంత వేగంగా మురుగు నీరు పోయే దారులు ఏర్పడలేదు.

మెట్ట ప్రాంతం, ఏజెన్సీ ఈ అభివృద్ధికి దూరంగానే ఉండిపోయాయి. డెల్టాలో వరి కళ్లాలు నిండుతున్న కాలంలోనే, అదే జిల్లాలోని రంప కొండల్లో 1879లో తిరుగుబాటు రేగింది. ఇంటి అవసరానికి గీసుకునే కల్లు మీద పన్ను, అడవిపై ఆంక్షలు, మన్సబుదారు దోపిడీ దానికి కారణాలు. కొండవాసుల వద్దకు ప్రభుత్వం పన్ను రూపంలో, పోలీసు రూపంలో వెళ్లినంత తొందరగా బడి, వైద్యం, దారి రూపంలో వెళ్లలేదు. ఒకే జిల్లా, ఒకే కలెక్టరు కింద రెండు భిన్న లోకాలు నడిచాయి.

ఎదురుదెబ్బలు

కాటన్ తలపెట్టిన పనులన్నీ ఫలించలేదు. 1858లో ఏర్పడిన మద్రాసు ఇరిగేషన్ కంపెనీ, కాటన్ ఆలోచనల ఆధారంగా తుంగభద్ర నీటిని కర్నూలు, కడప జిల్లాలకు మళ్లించే కాలువ చేపట్టింది. ప్రైవేటు కంపెనీకి పెట్టుబడిపై వడ్డీ హామీ ఇచ్చింది ప్రభుత్వమే. నేటి కేసీ కెనాల్ అదే. ఖర్చు అంచనాలు దాటిపోయింది. నల్లరేగడి భూముల్లో మెట్ట పంటలకు అలవాటుపడిన రైతులు వానలు కురిసిన ఏడాది డబ్బిచ్చి నీరు తీసుకోలేదు. చివరకు 1882లో ప్రభుత్వం దానిని స్వాధీనం చేసుకోవాల్సి వచ్చింది. గోదావరి ఎగువన దుమ్ముగూడెం తదితర చోట్ల ఆనకట్టలు, లాకులు కట్టి మధ్య పరగణాల వరకు పడవలు నడపాలన్న పథకాన్ని లక్షల రూపాయలు ఖర్చయ్యాక 1871లో విరమించారు. డెల్టాలో సరిపోయిన లెక్క ప్రతి నేలకూ సరిపోదన్న సత్యాన్ని కాటన్ తగినంతగా అంగీకరించలేదని విమర్శకులు అన్నారు. ఆ విమర్శలో వాస్తవం లేకపోలేదు.

రైలుమార్గాల విషయంలోనూ ఆయన ప్రభుత్వంతో విభేదించారు. బరువైన సరుకును చౌకగా చేరవేయడానికి కాలువలే మేలని, పైగా అవి పొలాన్ని కూడా తడుపుతాయని ఆయన వాదం. 1870ల నాటికి రైల్వేలపై దాదాపు 10 కోట్ల పౌండ్ల పెట్టుబడి పెట్టగా, నీటి పనులకు దక్కింది అందులో స్వల్ప భాగమే. ఇంగ్లండు పెట్టుబడిదారులకు వడ్డీ హామీగా చెల్లించిన సొమ్ము ఈ దేశపు రైతు శిస్తు నుంచే వచ్చింది.

ధాత కరవు, లండన్ విచారణ

1876లో ధాత నామ సంవత్సరపు కరవు దక్షిణాదిని కబళించింది. 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియా రాణిని చక్రవర్తినిగా ప్రకటిస్తూ వైస్రాయ్ లిట్టన్ దర్బారు జరిపిన సమయానికి రాయలసీమ జిల్లాల్లో జనం ఆకలితో రాలిపోతున్నారు. సహాయ పనుల్లో కూలికి రోజుకు సుమారు ఒక పౌను ధాన్యానికి సరిపడేలా వేతనం తగ్గించాలని రిచర్డ్ టెంపుల్ సిఫారసు చేయగా, అది అమలైంది. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లా జనాభా నాలుగో వంతుకు పైగా తగ్గింది. అదే సమయంలో గోదావరి, కృష్ణా డెల్టాలు పంట పండించి తాము తినడమే గాక కరవు జిల్లాలకు ధాన్యం పంపాయి. కాటన్ పాతికేళ్ల ముందు చేసిన వాదనకు ఇంతకంటే విషాదకరమైన రుజువు అక్కర్లేకపోయింది.

1860లో భారత్ నుంచి వెళ్లిపోయిన కాటన్‌కు 1861లో సర్ బిరుదు దక్కింది. 1866లో మరో ఉన్నత గౌరవం, 1877లో జనరల్ హోదా లభించాయి. గౌరవాలు ఇచ్చిన ప్రభుత్వం ఆయన మాటను మాత్రం పెడచెవిన పెట్టింది. కరవు తరువాత 1878లో భారత ప్రజాపనులపై బ్రిటిష్ పార్లమెంటు ఒక కమిటీని వేసింది. జార్జ్ హామిల్టన్ దానికి అధ్యక్షులు. 75 ఏళ్ల కాటన్ ఆ కమిటీ ముందు హాజరయ్యారు. ఆయన పథకాలు దుబారాగా, ఆచరణకు అందనివిగా కమిటీ సభ్యులు భావించి తోసిపుచ్చారు. దేశంలో కరవులను ఆపవచ్చని చెప్పిన వ్యక్తి, లక్షలాది మంది మరణించిన మరుసటి ఏడాదే దుబారా ఆరోపణలకు సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. నర్సుల వృత్తికి ఆద్యురాలిగా పేరొందిన ఫ్లారెన్స్ నైటింగేల్ వంటి కొద్దిమంది ఆయన పక్షాన నిలిచారు.

అయినా ఆయన శ్రమ పూర్తిగా వృథా కాలేదు. 1880లో నివేదిక ఇచ్చిన కరవు కమిషన్, కరవు పీడిత ప్రాంతాలను కాపాడేందుకు నీటి పనులు అవసరమని గుర్తించింది. లాభం రాకున్నా రక్షణ కోసం కట్టాల్సిన పనులంటూ కొన్ని ఉంటాయన్న ఆలోచన ప్రభుత్వ విధానంలోకి మెల్లగా ప్రవేశించింది. 1883లో మద్రాసు రాజధానికి కరవు నిబంధనావళి వచ్చింది.

చివరి రోజుల్లోనూ సేద్యమే

విశ్రాంత జీవితాన్ని కాటన్ ఇంగ్లండులోని డార్కింగ్‌లో గడిపారు. అక్కడా ఊరికే కూర్చోలేదు. చిన్న మడిలో నేలను లోతుగా దున్ని గోధుమ పండించే ప్రయోగాలు చేశారు. తక్కువ నేలలో ఎక్కువ పంట ఎలా తీయవచ్చో చూపాలన్నది ఆయన తపన. 96 ఏళ్లు నిండిన తరువాత 1899 జూలైలో కన్నుమూశారు. మరుసటి ఏడాది ఆయన కుమార్తె లేడీ హోప్ తండ్రి జీవిత చరిత్రను ప్రచురించారు.

ఆయన కట్టిన ఆనకట్ట నూటపాతికేళ్లకు పైగా సేవలందించింది. పాతబడిన ఆ కట్టడం స్థానంలో 1970లో కొత్త బ్యారేజి పని మొదలై 1982లో పూర్తయింది. దానికి సర్ ఆర్థర్ కాటన్ పేరే పెట్టారు. ధవళేశ్వరంలోని కాటన్ మ్యూజియం ఆ కాలపు పనిని నేటి తరానికి పరిచయం చేస్తోంది. గన్నవరంలో 2000 సంవత్సరంలో అందుబాటులోకి వచ్చిన కొత్త అక్విడక్టు డొక్కా సీతమ్మ పేరు మోస్తుండగా, నాటి కమానుల వంతెన పక్కనే సాక్షిగా నిలిచి ఉంది. 2022లో జిల్లాల పునర్విభజన జరిగి డెల్టా పలు జిల్లాల మధ్య పంపిణీ అయినా, కాలువలు మాత్రం పాత గోదావరి జిల్లాను ఇప్పటికీ ఒక్కటిగానే ఉంచుతున్నాయి.

పూలమాలతో తీరని రుణం

కాటన్‌ను దేవుడిని చేయడం సులభం. అందుకు ఏడాదికి ఒక రోజు చాలు. ఆయన వాదనను గుర్తుంచుకోవడం మాత్రం కష్టం, ఎందుకంటే అది ప్రతి ప్రభుత్వాన్నీ ప్రశ్నిస్తుంది. కరవు ఆకాశం నుంచి రాదని, చేయాల్సిన పని చేయకపోవడం వల్ల వస్తుందని ఆయన నమ్మారు. నీరు, దారి అనేవి పాలకుల దయాభిక్ష కాదని, ప్రజలు కట్టిన పన్నుకు బదులుగా అందాల్సిన సేవలని తన లెక్కల్లో చూపారు. పరాయి పాలకుల కొలువులో ఉంటూనే ఆ మాట అనగలిగారు. ఆ పాలన స్వభావాన్ని మార్చే శక్తి ఆయనకు లేదు. అయినా దాని ఖజానా తలుపును ఒకచోట తెరిపించగలిగారు. అది మన అదృష్టం కొద్దీ గోదావరి గట్టున జరిగింది.

కాలువలో పూడిక పేరుకున్నప్పుడు, లాకు తలుపు తుప్పు పట్టినప్పుడు, శివారు చేనుకు తడి అందనప్పుడు, మురుగు కాలువ పొంగి నాట్లు మునిగినప్పుడు కాటన్ ఏం చేసేవారో ఊహించడం కష్టం కాదు. గుర్రమెక్కి వెళ్లి చూసేవారు. కొలిచేవారు. ఖర్చెంతో, చేయకపోతే నష్టమెంతో రాసి పై అధికారి బల్లమీద పెట్టేవారు. జవాబు వచ్చేదాకా వదిలిపెట్టేవారు కాదు. గోదావరి జిల్లాల వాసులు ఆయన నుంచి నేర్చుకోదగినది ఆ పట్టుదలే.